పదిమందిలో తొమ్మిది మంది

మా ఆయన శ్రీహరిరావు లెక్కల ప్రొఫెసరు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆయన పాఠం స్టూడెంట్లకే సరిగా ఎక్కేది కాదు. అలాంటిది రిటైరయ్యాక మలక్‌పేటలోని మా ఇంట్లో ఫోను ముందు కూర్చుని, జనానికంతా సైన్సు చెబుతానన్నారు. నేను నవ్వాను. మొదట్లో ఆ వీడియోలు చూసింది నేనూ, మా ఆడపడుచూ. లేని జబ్బు ఉన్నట్టు చూపే రిపోర్టుకి "మిథ్యా ధనాత్మక ఫలితం" అంటూ మొదలుపెడితే ఇంకెవరు చూస్తారు?

చివరికి ఆయనకు కావలసిన మాట మాదన్నపేట కూరగాయల మార్కెట్లో దొరికింది. మేం ఎప్పుడూ సక్కుబాయి దగ్గరే కొంటాం. పక్క కొట్టామె ఏదో పుకారు మోసుకొస్తే సక్కుబాయి "గదంత ఉత్తదే" అని కొట్టిపారేసింది. ఈయన వంకాయల సంచి నా చేతిలో పెట్టి ఇంటికి పరుగు తీశారు. ఆ సాయంత్రం వీడియోలో ఇలా చెప్పారు: "రొమ్ము ఎక్స్‌రేలో అనుమానం ఉందని వచ్చిందా? అలా వచ్చిన పదిమందిలో సుమారు తొమ్మిది మందికి క్యాన్సర్ ఉండదు. ఆ రిపోర్టు ఉత్తదే! కానీ మీరు ఆ తొమ్మిది మందిలో ఉన్నారో లేదో తేలాలంటే రెండో పరీక్ష చేయించుకోవాల్సిందే."

లక్షలమంది చూశారు. లాడ్ బజార్లో నేను గాజులు బేరమాడుతుంటే "ఉత్తదే సార్!" అంటూ కుర్రాళ్లు ఆయన చుట్టూ మూగారు. మనిషి నేల మీద నిలవలేదు.

ఎవరో ఆ వీడియోలో రెండో పరీక్ష గురించి చెప్పిన చివరి వాక్యం కోసేసి, మిగతాది వాట్సాప్‌లో వదిలారట. సుజన వచ్చేదాకా ఆ సంగతి మాకు తెలియనే తెలియదు.

సుజన సక్కుబాయి కూతురు, బస్సు కండక్టరు. డ్యూటీ దిగి, యూనిఫాంలోనే వచ్చి మా వరండాలో కూలబడింది.

"బస్తీల డాక్టర్ల క్యాంపు పెడితే అమ్మకు రొమ్ము ఫొటో తీసిన్రు మేడం. గడ్డ లెక్క కనవడ్డదట. సూది పరీక్షకు రమ్మంటే పోతలేదు. సారే ఉత్తదన్నడు, నీకేం ఫికర్ అంటది. మీరొచ్చి ఒక్క మాట చెప్పుండ్రి సార్."

ఆయన ఒక కాలికి నా చెప్పు తొడుక్కుని బయలుదేరారు.

మార్కెట్లో మమ్మల్ని చూసి సక్కుబాయి మురిసిపోయింది. ఆయన చెప్పిందంతా ఓపిగ్గా వింది. తర్వాత ఫోను తీసి వాట్సాప్‌లో వచ్చిన ఆ ముక్కే వినిపించింది.

"దాని తర్వాత పరీక్ష చేయించుకోమని చెప్పానమ్మా," అన్నారీయన.

"గది ఇందుల లేదు గద సార్."

"ఇప్పుడు నేనే నీ ఎదురుగా నిలబడి చెబుతున్నాను కదా!"

"ఇప్పుడంటే నా బిడ్డ గుంజుకొస్తె వచ్చిన్రు. గప్పుడు మిమ్ముల ఎవలు అడగలె. అడగకుండ చెప్పిందే నిజం."

చుట్టూ చేరినవాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఈయన మాత్రం పాఠానికి దిగారు. పది టమాటాలు వరసగా పేర్చి, ఒకటి పక్కకు తీసి, "ఆ తొమ్మిదికీ ఏ జబ్బూ లేదు. నువ్వు ఇదైతే?" అన్నారు. సక్కుబాయి దాన్ని తిప్పి చూసి, "మంచిగనే ఉన్నది," అని బుట్టలో వేసేసింది.

తర్వాత ఆమె మొహంలో నవ్వు పోయింది. గొంతు తగ్గించి అడిగింది.

"లెక్కలు నాకు ఎక్కయి సార్. ఒక్కటే చెప్పుండ్రి. నాకు ఉన్నదా, లేదా?"

నేను ఆయన మోచెయ్యి గిల్లాను. ఉందని చెప్పండి మహానుభావా! ఉందంటే భయపడైనా పోతుంది. ఇన్నేళ్ల కాపురంలో ఈయన ఒక్క అబద్ధమాడితే బాగుండునని అంతగా కోరుకున్నది అప్పుడే. నా గిల్లుడు ఆయనకు అర్థమైంది. బుట్టలోంచి ఆ టమాటా మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. సుజన రెండు చేతులూ జోడించి ఆయన నోటి వంకే చూస్తోంది.

"తెలీదమ్మా," అన్నారు.

సక్కుబాయి కూతురి వైపు తిరిగింది. "ఇన్నవా? సార్‌కే తెల్వదట. ఇగ లొల్లి బంద్ చెయ్యి."

"పరీక్ష చేస్తేనే తెలుస్తుంది, పరీక్ష చేస్తేనే..." అని ఆయన అంటూనే ఉన్నారు. అప్పటికే ఆమె ఇంకెవరికో బెండకాయలు తూస్తోంది.