మరిడమ్మ చెప్పిన సున్నాలు

నాకు నోరెక్కువ. మా వార్డులో ఎవరినడిగినా చెబుతారు. రాజమండ్రిలో ఈ ఆసుపత్రికి నర్సుగా వచ్చి పద్దెనిమిదేళ్లయింది, ఆ నోటితోనే నెట్టుకొచ్చాను.

గర్భసంచి ఆపరేషన్ అయిన ఆడవాళ్లకి మత్తుమందుల జోలికి పోకుండా, రెండు రకాల నొప్పి మాత్రల్లో ఏది బాగా పనిచేస్తుందో యుగంధర్ డాక్టరుగారు పోల్చి చూస్తున్నారు. ఆరుగంటలకోసారి నేను వెళ్లి, నొప్పి పదికి ఎంతో అడిగి రాసుకోవాలి. నాలుగు దాటితే అదనంగా ఇంజెక్షన్ ఇవ్వాలి.

మొదటిరోజు సంపూర్ణమ్మగారు "తొమ్మిదమ్మా, చచ్చిపోతున్నాను" అని కేకలు పెట్టింది. ఇంజెక్షన్ ఇచ్చాను, చీవాట్లూ పెట్టాను. "కడుపు కోశాక నొప్పి రాకుండా ఉంటుందా ఏంటి? పక్కమంచం ఆవిడ్ని చూడండి, కిక్కురుమంటోందా?"

పక్కమంచం మరిడమ్మ, ధవళేశ్వరంలో చేపలమ్ముకునే మనిషి. ఎంతమ్మా అంటే "సున్నా అండి" అంది. సాయంత్రం సున్నా. మర్నాడూ సున్నాయే. "నా బంగారుతల్లివి" అని మెచ్చుకున్నాను కూడా.

మూడోరోజు పొద్దున్నే ఆవిడ ఒళ్లు కాలిపోతోంది. ఊపిరి పైపైనే ఆడుతోంది. దగ్గమంటే దగ్గదు. దిండు సర్దబోతే కింద తువ్వాలు దొరికింది. ఒక కొస పళ్లతో కొరికి కొరికి పీలికలైపోయింది.

"ఇదేంటి మరిడమ్మా, నొప్పి లేదన్నావుగా?"

"మొదట్నుంచీ పదేనండి. ఆవిడ్ని తిట్టినట్టు తిడతారని చెప్పలేదండి." ఆయాసపడింది. "తర్వాత బంగారుతల్లివన్నారు. మా అమ్మ పోయాక నన్నెవరూ అలా అన్లేదండి."

డాక్టరుగారు పరుగున వచ్చారు. నొప్పికి జడిసి గట్టిగా ఊపిరి పీల్చలేదట, దగ్గలేదట, ఊపిరితిత్తుల్లో కఫం పేరుకుపోయింది. నేను రాసిన కాగితం చూసి, "అన్నీ సున్నాలేగా! నొప్పి లేని మనిషి ఊపిరెందుకు బిగబట్టింది?" అన్నారు.

"ఆ సున్నాలు మాత్ర వల్ల వచ్చినవి కావండి. నా నోటికి భయపడి చెప్పినవండి," అన్నాను. నా తప్పేనని కూడా అన్నాను.

ఆయన నన్ను తిట్టలేదు. "ఇంకా చెయ్యి దాటలేదు, పదండి" అని ఆవిడ్ని ఐసీయూకి తీసుకెళ్లారు.

ఖాళీ మంచం పక్కనుంచి సంపూర్ణమ్మగారి దగ్గరికెళ్లాను. "నొప్పి ఎంతండి?"

ఆవిడ నా మొహంకేసి చూసింది. దుప్పటి అంచు గుప్పిట్లో బిగించి, "సున్నా అమ్మా" అంది.