బయట తాళం, లోపల మనుషులు

నేను ఒక తాళం కప్పను. ముందే చెబుతున్నాను, నాకు భయం ఎక్కువ. ఇనుప ముక్కకు భయమేమిటని నవ్వకండి. బతుకంతా తలుపు బయట ఒంటరిగా వేలాడి చూడండి, మెట్ల మీద వినబడే ప్రతి అడుగూ మీకోసమే వస్తున్నట్టు ఉంటుంది.

పుట్టింది తాళాల ఊరు అలీగఢ్‌లో. ఒంట్లో తాళంచెవికి కదిలే ఆరు లివర్లు, వేలంత లావు కొక్కెం. అక్కడి నుంచి గోనె సంచిలో హైదరాబాదుకొచ్చి బేగంబజారులో ఒక టోకు దుకాణంలో ఏడాది పాటు దుమ్ము తిన్నాను. ఒకరోజు ఒక కాంట్రాక్టరు వచ్చి మాలాంటి తాళాలు తొంభై ఆరు కావాలన్నాడు. ఒక్కోదానికీ ఒక్కో చెవైతే ఎవడు వెతుక్కుంటాడు, అన్నిటికీ ఒకటే ఉండాలని పట్టుబట్టాడు. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రమన్నమాట. దుకాణదారు కూడా వ్యాపారం తెలిసినవాడే, సరేనన్నాడు. అలా మా తొంభై ఆరుగురి కడుపులోనూ ఒకటే రహస్యం పెట్టి ఊరి బయటికి తోలారు.

ఊరి బయట అంటే నిజంగా బయటే. సిటీ బస్సు చివరి స్టాపులో దిగి అరగంట నడిస్తే పేదలకోసం సర్కారు కట్టించిన ఫ్లాట్లొస్తాయి. నన్ను సి బ్లాకు, మూడో అంతస్తు, పన్నెండో నంబరు తలుపుకు వేశారు. అప్పుడు ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఒక పెద్దమనిషి వచ్చి కింద ఒక ఫ్లాటుకు రిబ్బను కత్తిరించి, ఒక ముసలమ్మ చేత పాలు పొంగించి, ఫొటోలు దిగి వెళ్ళాడు. ఆయన కారు మలుపు తిరగ్గానే ఆ ముసలమ్మను బయటికి పంపి ఆ ఫ్లాటుకూ తాళం వేశారు. నీళ్ళ పైపు రాలేదన్నారు. తర్వాత కరెంటు రాలేదన్నారు. ఆ తర్వాత ఏమీ అనడం మానేశారు. ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు. కట్టింది ఇవ్వడం ఎలాగో వాళ్ళూ చెప్పలేదు. నాలుగేళ్ళకు పైగా పావురాలు నా నెత్తిమీద కాపురం చేశాయి, నేను తుప్పు పట్టాను.

మళ్ళీ ఎన్నికలు మూడు నెలలున్నాయనగా, ఎండలు మండుతున్న ఒక మధ్యాహ్నం బాలమణి వచ్చింది. నలభై దాటిన మనిషి. నెత్తిన మూట, చేతిలో స్టీలు బకెట్టు. వెనకే కాలు ఈడ్చుకుంటూ మొగుడు చంద్రయ్య. దొంగలే అనుకుని వణికిపోయాను. ఆ దొంగ నడుం దగ్గర దాచిన ప్లాస్టిక్ కవరు తీసి, అందులోని కాగితాన్ని తలుపు మీది నంబరు పక్కన పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చూసింది. సి బ్లాకు, మూడు, పన్నెండు. కిందటి ఎన్నికల ముందు లాటరీ తీసినప్పుడు మైకులో ఆమె పేరే పిలిచారట. కాగితం ఇచ్చారు గానీ చెవి ఇవ్వలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, అదీ సంగతి.

చెవి చంద్రయ్య దగ్గరుంది. దొంగిలించింది కాదు. అతను సెంట్రింగు మేస్త్రి. ఈ బ్లాకు స్లాబులకు కింద చెక్కలు కొట్టింది అతనే. చెక్కలు దాచుకునే గదికి ఇచ్చిన చెవి పని అయ్యాక జేబులో ఉండిపోయింది. అది నాలో దూర్చి తిప్పగానే నేను నోరు తెరిచేశాను. సిగ్గేసింది, కానీ ఏం చేయను? కాంట్రాక్టరు పుణ్యం.

ఎందుకొచ్చారంటారా? వాళ్ళుంటున్న అద్దె గది యజమాని ఏడాదిలో రెండుసార్లు అద్దె పెంచి, చివరికి ఐదంతస్తులు లేపుతాను ఖాళీ చెయ్యమన్నాడు. వేరేచోట అడిగితే ఒకాయన ఆరునెలల అడ్వాన్సు అన్నాడు, ఇంకొకాయన ముందు కులమేమిటన్నాడు. సిమెంటు ధర ఆకాశంలో కూర్చుంది, ఇసుక దొరకదు, పనులు ఆగిపోయాయి. ఉన్న ఒక్క పనిలో చెక్క మీదపడి చంద్రయ్య కాలు పోయినంత పనైంది. గ్యాసు బండ కొనలేక పొయ్యి అమ్మేశారు. నేను కట్టిన ఇండ్లన్నిట్ల ఎవరో ఒకరు ఉంటున్నరు, నాకు ఉండనీకి ఒక్కటి లేదని రోజూ అదే పాట పాడేవాడు.  ఇక్కడికొచ్చాక బాలమణి మాత్రం నెత్తిమీద స్లాబు ఉంది కదా అని దాన్నే చూస్తూ పడుకునేదట.

అలాగే ఇంకో నాలుగు కుటుంబాలు ఆ అంతస్తులో చేరాయి. అధికారులు తనిఖీకి వస్తే? అందుకని ఒక ఉపాయం పన్నారు. మెట్ల పక్కనుండే హాజిరా బీ పొద్దున్నే అందరినీ లోపల ఉంచి బయట తాళాలు వేసి, ఉన్న ఒక్క చెవీ చున్నీ కొసకు ముడేసుకుని, కింద గేటు దగ్గర జామకాయలు అమ్ముతూ కూర్చునేది. పొద్దుగూకాక వచ్చి తెరిచేది. పనికి పోవలసినవాళ్ళు తెల్లారకముందే జారుకునేవారు.

నాకది నచ్చలేదు. దొంగలు లోపలికి రాకుండా చూడమని నన్ను చేశారు గానీ ఇంటివాళ్ళు బయటికి రాకుండా చూడమని ఎవరూ చెప్పలేదు. నా వెనక మనుషులు గుసగుసగా మాట్లాడుకునేవారు. దగ్గొస్తే దిండులో మొహం పెట్టి దగ్గేవారు. కిటికీలకు పాత పేపర్లు అంటించారు. పొగ కనబడుతుందని కట్టెలు మాని బొగ్గుల కుంపటి మీద వండేవారు. కింద రోడ్డు మీద ప్రచారం ఆటోలు తిరుగుతూ ప్రతి పేదవాడికీ సొంత ఇల్లు అని అరుస్తుంటే, ఆ సొంత ఇంట్లోనే బాలమణి కొంగు నోట్లో కుక్కుకుని కూర్చునేది. ఆమె గుండె దడ తలుపు చెక్కలోంచి నాకు తగిలేది.

ఒక శుక్రవారం మెట్ల మీద కొత్త అడుగులు వినబడ్డాయి. ఒంటరి ఆడమనిషి. వచ్చి నా ముందు నిలబడి, గడపకు పసుపు రాసి, నాకు బొట్టు పెట్టింది. పుట్టి బుద్ధెరిగాక నాకు బొట్టు పెట్టినవాళ్ళు లేరు. సంతోషపడాల్సింది, ఒళ్ళు చల్లబడిపోయింది. ఎందుకంటే ఆమె చేతిలోనూ ఒక కాగితం ఉంది. దాని మీదా సి బ్లాకు, మూడు, పన్నెండు.

ఆమె పేరు కౌసల్య. ఆడపిల్లల హాస్టలు వంటింట్లో చపాతీలు ఒత్తుతుంది. పాత జాబితా రద్దయిందట. రద్దయినట్టు పేపర్లో వేశారట, పేపరు కొనేవాళ్ళకోసం. కొత్త లాటరీలో పన్నెండో నంబరు కౌసల్యకు పడింది. చెవి పెద్దమనుషులు సభలో ఇస్తారన్నారు, ఇంతలో ఎన్నికల కోడ్ వచ్చి సభ ఆగిపోయింది. అందుకని ప్రతి శుక్రవారం వచ్చి గడపకు బొట్టు పెట్టి, తల్లీ, ఒకటో తారీకుకు మా ఓనరు వెళ్ళిపొమ్మన్నాడు, అంతలోగా నన్ను లోపలికి రానియ్యి అని తలుపుతో చెప్పుకుని పోయేది. తలుపుకు అటువైపు బాలమణి ఊపిరి బిగబట్టి అన్నీ వినేది. ఆమె పోయాక మొగుడితో ఒక్కటే అంది, ఆమె కాగితం మీద కూడ సర్కారు గుండ్రటి ముద్ర ఉండే ఉంటదని.  ఆ తర్వాత వచ్చిన ప్రతి శుక్రవారం బాలమణికి అన్నం సయించేది కాదు.

ఇక ఆ రోజు సంగతి. అదీ శుక్రవారమే. పెద్ద సభ ఉందని పొద్దున్నే నాలుగు బస్సులు వచ్చి గేటు దగ్గర కనబడిన ప్రతి మనిషినీ ఎక్కించుకున్నాయి. హాజిరా బీ రానంటే పార్టీవాళ్ళు ఎందుకు రావు, పైన ఏముంది నీకు అన్నారు. ఇంకేం మాట్లాడుతుంది? జామకాయల బుట్ట అక్కడే వదిలేసి బస్సెక్కింది. చెవి చున్నీలోనే ఉంది.

మధ్యాహ్నం వంట చేస్తుంటే లోపల ధబ్బుమని చప్పుడైంది. కిటికీలన్నీ మూసిన గదిలో బొగ్గుల కుంపటి. చంద్రయ్య పడిపోయాడు. బాలమణి పేపర్లు చింపి కిటికీ తెరిచింది, మొహాన నీళ్ళు కొట్టింది, పిలిచింది. అతను లేవలేదు. అప్పుడామె తలుపు బాదడం మొదలుపెట్టింది. ప్రతి దెబ్బకూ నేను ఎగిరెగిరి పడ్డాను. హాజిరా అని పిలిచింది, అల్లా అంది, ఎల్లమ్మా అంది. మిగతా నాలుగు తలుపుల వెనకవాళ్ళు విన్నారు, కానీ వాళ్ళకూ బయట తాళాలే.

అంతలో మెట్ల మీద అడుగులు వినబడ్డాయి. బాలమణి చెయ్యి ఆగిపోయింది. ఆ నడక ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. ఒక్కమాట బయటికొస్తే ఇల్లు పోతుంది. రాకపోతే మనిషి పోతాడు. చెక్కకు అటువైపు ఆమె గోళ్ళు గీరుకుంటున్నాయి. కౌసల్య వచ్చి కుంకుమ పళ్ళెం కింద పెట్టింది. నాకు వేలు తాకించింది.

"అక్కా," అంది తలుపు.

కౌసల్య ఎగిరి వెనక్కి పడ్డంత పనైంది. పళ్ళెం దొర్లింది.

"అక్కా, లోపల మనుషులున్నం. మా ఆయన పడిపోయిండు. ఊపిరి ఆడ్తలేదు. తాళం పలగ్గొట్టు."

 కౌసల్య తలుపుకు దగ్గరగా జరిగి సన్నగా అడిగింది, "నా ఇంట్ల ఎవరు మీరు?"

"నీ ఇల్లే అక్కా. నీదే. ముందు పలగ్గొట్టు."

కౌసల్య గబగబా మెట్లు దిగిపోయింది. పోలీసులకోసమే అనుకున్నాను. బాలమణీ అలాగే అనుకుంది కాబోలు, తలుపుకు ఆనుకుని జారి కింద కూలబడ్డ చప్పుడు వినబడింది. ఎంతసేపో తెలీదు. మళ్ళీ అడుగులు, ఈసారి బరువుగా. కౌసల్య రెండు చేతులా ఒక బండరాయి మోసుకొచ్చింది.  నిజం చెప్పనా, నేను పుట్టినందుకు తగ్గట్టు గట్టిగా నిలబడాలనుకున్నాను. మొదటి రెండు దెబ్బలకు నిలబడ్డాను కూడా. మూడో దెబ్బకు లోపల చంద్రయ్య గురక వినబడింది, విరగలేకపోతానేమోనని భయం పట్టుకుంది. ఏడో దెబ్బకు నా కొక్కెం తెగింది.

ఇద్దరాడవాళ్ళూ కలిసి చంద్రయ్యను దుప్పట్లో వేసి మూడంతస్తులు దింపారు. ఆటో చప్పుడు దూరమైంది. తలుపు బార్లా తెరిచి ఉంది. గోడ వార పడి, ఇన్నేళ్ళలో మొదటిసారి నేను కాపలా కాసిన ఇంటి లోపలికి చూశాను. తోమి బోర్లించిన నాలుగు గిన్నెలు, ఆరిన కుంపటి, తడి నేల. దీనికోసమా ఇంత భయం అనిపించింది.

ఎవరు చెప్పారో గానీ, గంటకల్లా ఇళ్ళు పంచే ఆఫీసు నుంచి ముగ్గురు వచ్చారు. తాళాలున్న తలుపుల జోలికి పోలేదు, ఇల్లు ఖాళీ అనడానికి తాళమే వాళ్ళకు సాక్ష్యం. తెరిచి ఉన్న తలుపు చూసి, లోపలి సామాను వరండాలో పడేసి, మెరిసే కొత్త తాళం వేసి, లక్క ముద్ర కొట్టి, ఒక కాగితం అంటించి పోయారు.

పొద్దు వాలాక ఆడవాళ్ళిద్దరూ తిరిగొచ్చారు. హాజిరా బీ అప్పటికే సభ నుంచి వచ్చి మిగతా తలుపులు తెరిచింది. చంద్రయ్యకు ఊపిరి నిలబడిందట, పొద్దుటిదాకా ఆస్పత్రిలో ఉంచమన్నారట. తలుపు మీది కాగితం కౌసల్య చదివింది. ఎన్నికలయ్యేదాకా ఎవరూ ప్రవేశించరాదు, తర్వాత అర్హుల జాబితా మళ్ళీ తయారు చేస్తారు. మళ్ళీ అన్న మాటను రెండుసార్లు చదివింది. రెండు కాగితాలూ ఒక్క కాగితంతో చెల్లకుండా పోయాయి. ఇద్దరూ మెట్ల మీద పక్కపక్కన కూర్చున్నారు.

"నేను నోరు తెరవకుంటే ఇల్లుండేది," అంది బాలమణి.

"నోరు తెరవకుంటే ఆయన ఉండకపోతుండె," అంది కౌసల్య. తర్వాత నన్ను చేతిలోకి తీసుకుని కాసేపు చూసి, ఏమనుకుందో, గిరాటు వేసింది. మూడంతస్తుల మీంచి ఇసుకలో పడ్డాను.

తెల్లారి పాత ఇనుప సామాను బండివాడు నన్ను ఏరుకున్నాడు. తుప్పు రేకుల మధ్య పడి ఉండగా, ఇంకొకటి వచ్చి నా మీద పడింది. కొత్త తాళం. ఒంటి మీద లక్క ముద్ర ఇంకా చెక్కుచెదరలేదు, కొక్కెం మాత్రం నాలాగే తెగి వేలాడుతోంది. లోపల ఎవరున్నారని అడిగాను. ఇద్దరాడవాళ్ళు ఉన్నారని చెప్పాడు, తనను రాయితో కొట్టింది వాళ్ళేనట. తలుపు వేసుకుని ఈసారి లోపలి నుంచి గడియ పెట్టుకున్నారట. అంతలో కింద జీపు ఆగిందట.

ఆ తర్వాత సంగతి వాడికి తెలీదు. నాకూ తెలీదు. ఓట్లకింకా తొమ్మిది రోజులుంది.