నాలుగు చీరల బేసిన్

నేను ఒక స్టీలు బేసిన్‌ను. ఏదో పెద్ద ఊరి కార్ఖానాలో రేకుగా పడివున్న నన్ను మర ఒక్క గుద్దు గుద్దితే గుండ్రంగా తయారయ్యాను. అంత తొందరగా పుట్టినదాన్ని కనుక, ఏళ్ళ తరబడి ఉతకగా ఉతకగా మెత్తబడే వస్తువుల విలువ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

నిర్మల్ చుట్టుపక్కల పల్లెల్లో గంప నెత్తిన పెట్టుకొని "పాత చీరలకు స్టీలు సామాన్లే!" అని కేకేసే గిన్నెలాయన దగ్గర స్రవంతి నన్ను తీసుకుంది. బీడీలు చుట్టుకు బతికే పిల్ల. అప్పుడు నిండు చూలాలు. చనిపోయిన తల్లి కట్టి విడిచిన నూలు చీరలు నాలుగూ నాకోసం ఇచ్చేసింది. ఇచ్చే ముందు వేలి కణుపుతో నన్ను కొట్టి చూసింది. ఖంగుమన్నాను. "మోత మంచిగుంది, గట్టి సరుకే" అని మురిసిపోయింది. చీరల్ని మాత్రం ఎవరూ కొట్టి చూడలేదు. పాపం, అవి మోగవు కదా.

ఆ ఇంట్లో పుట్టిన ఆడబిడ్డకు నాలో కలిపిన నీళ్ళతోనే స్నానం. తల్లి చాచిన కాళ్ళ మీద పడుకొని, నా అంచు పట్టుకోవాలని గుప్పిళ్ళు విసిరేది. అప్పుడు నన్ను నేను వెండిదాన్ననుకునేదాన్ని.

పుష్యమాసం వచ్చింది. రేకుల ఇంట్లో చలి మనిషిలా వచ్చి కూర్చుంది. బిడ్డ జలుబు ఛాతీలోకి దిగింది. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు నర్సు, "చలి తగలనియ్యకు. మళ్ళ దమ్ము ఎగవోస్తే..." అని ఆగిపోయిందట. ఆ మిగిలిన మాటే స్రవంతిని తినేసింది. కునుకు పడితే ఉలిక్కిపడి లేచి బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేది. మగడేమో లారీ మీద పోయి పత్తా లేడు.

పక్కింటి పోశవ్వ గుమ్మంలో నిలబడి అంది: "బొంత కుట్టరాదే పిల్లా! మీ అమ్మ చీరలేడవెట్టినవ్?"

స్రవంతి నావైపు చూసింది. "గా బేసిన్ల ఉన్నయత్తా. నువ్వన్న ఒక్కటియ్యరాదు?"

"నా దగ్గరెక్కడియే? మా ఇంట్ల డబ్బాలన్నీ చీరలే!"

నవ్వబోయి ఇద్దరూ ఆగిపోయారు. లోపల బిడ్డ దగ్గుతోంది.

బిడ్డను పోశవ్వ ఒడిలో పెట్టి, స్రవంతి బట్టల దుకాణానికి పోయింది. ఉత్తచేతులతో తిరిగొచ్చింది. "మీటరు గుడ్డ గింత పిరమా అత్తా! బొంతకు సరిపడ కొనాలంటే నెల బీడీల పైసలు గూడ చాలయి. ఉన్నయన్నీ మందులకే పాయె. ‘బొంతకు కొత్త గుడ్డ కొంటరా ఎవరన్న’ అని దుకాణపాయన నవ్విండు."

మర్నాడు పొద్దున బిడ్డ డొక్కలు ఎగరేస్తుంటే చూసి, స్రవంతి నన్ను చేతిలోంచి జారవిడిచింది. పక్కకు సొట్ట పడ్డాను. ఆ సమయంలోనే వీధిలో గిన్నెలాయన కేక వినిపించింది. చంకలో బిడ్డ, చేతిలో నేను. చెప్పులు లేకుండా పరిగెత్తింది.

"అన్నా, ఇది తీసుకొని నా చీరలు నాకియ్యే!"

"నీ చీరలింకా ఉంటయా చెల్లె? ఎప్పుడో పట్నం పాయె."

"ఎవరియైనా మంచిదే. నూలుయి ఇయ్యి."

అతను నన్ను తిప్పి చూసి సొట్ట మీద వేలు పెట్టాడు. "ఒక్కటిస్త."

"నాలుగిచ్చి తీసుకున్న గదనే! అయి గూడ పాతయే గదా?"

"పాతగైతే చీరకు మెత్తదనమొస్తది చెల్లె. గిన్నెకేమొస్తది?"

బిడ్డ మళ్ళీ దగ్గింది. అతను తల వంచుకొని రెండు చీరలు తీసి ఆమె భుజాన వేశాడు.

రెండు చీరలకు ఆ చలి ఆగదు. కట్టుకోను రెండే ఉన్న స్రవంతి, దండెం మీద ఆరుతున్న తన చీరను కూడా లాగి వాటి మీద పరిచింది. వాకిట్లో ఎండ పడేచోట బిడ్డను ఒడిలో వేసుకొని సూదిలో దారం ఎక్కించింది. గంపలో నుంచి నేను చూసింది అంతవరకే. దగ్గు మాత్రం వీధి మలుపుదాకా వెంట వచ్చింది. సాయంత్రం చలి దిగేలోపు ఆ కుట్టు పూర్తయిందో లేదో నాకు తెలియదు.

సొట్ట తీయించి, చింతపండుతో తోమి, గిన్నెలాయన నన్ను మళ్ళీ కొత్తదాన్ని చేశాడు. ఇవాళ ఇంకో ఊళ్ళో, ఇంకో గడపలో ఉన్నాను. నిండు చూలాలు ఒకామె పాత చీరలు ఒడినిండా తెచ్చి, నా మీద వేలి కణుపుతో కొట్టింది.

ఇవ్వకమ్మా, దాచుకో అని నాకున్న ఒకే గొంతుతో, శక్తికొద్దీ మోగాను.

"మోత మంచిగుందే!" అని ఆమె చీరలు గంపలో వేసింది.