గీత దాకా నీళ్లు

నీళ్ల కుండ కింద తడి ఇసుకలో మందు సీసా పూడ్చి దాచుకోవడం ఆ తండాలో అందరికీ అలవాటే. తొలి వానలప్పుడు పిల్లలకు దగ్గులు మొదలైతే, బండి మీద తిరిగే సూదుల డాక్టరు ఈ పొడి మందు సీసాలు ఇచ్చి పోయాడు. సీసా మీది గీత చూపించి, "గీత దాకా నీళ్లు పొయ్యాలె, తక్కువ పోస్తే పని చెయ్యది" అన్నాడు. ఆ మాట ఆడవాళ్లు గట్టిగా పట్టుకున్నారు. మందు గీత కిందికి దిగినప్పుడల్లా మళ్లీ గీత దాకా నీళ్లు పోసి ఊపేవారు. ఒక ఇంట్లో పిల్లకు నయమైతే, మజ్జిగ తోడు ఇచ్చినట్టు సీసా పక్కింటికి పోయేది. ఎప్పటికీ అయిపోని మందు. డాక్టరు చల్లగుండాలని దీవించుకున్నారు.

సంగీత ఇంట్లో సీసా కూడా అట్లా తిరిగి వచ్చిందే. ఏడాదిన్నర పూజకు దగ్గు పట్టుకుంది. మూత తీస్తే పుల్లని వాసన. మూత అంచుకు అంటుకొని చచ్చిన చీమలు. మందు ఎర్రరంగు పోయి, రంగుబట్ట జాడించిన నీళ్లలా ఉంది. సంగీత మొహం పక్కకు తిప్పుకుంది. అయినా మొన్న వరంగల్ సారు చూశాడు కదా అన్న ధైర్యంతో పిల్ల నోట్లో పోసింది.

ఆ సారు పేరు సాయికిరణ్. జనగామ వైపు మోతుబరుల పిల్లవాడు. ఊళ్లలో జనం మందులు ఎట్లా వాడుతున్నారో చూసి రాసుకోవడం వరంగల్‌లో అతను చేస్తున్న చదువు. బ్యాగుకు జై తెలంగాణ బిళ్ల పెట్టుకొని మోటారు సైకిల్ మీద వచ్చాడు. తండాలో ఇంట్లో మాట్లాడేది లంబాడీ. ఎనిమిదో తరగతిలో బడి మానేసినా సంగీతకు తెలుగు బాగా వచ్చు. అందుకని ఇల్లిల్లూ వెంట తిరిగి, అతని మాట వాళ్లకూ వాళ్ల మాట అతనికీ చెప్పింది. ఆమె ఇంట్లోనే సీసా అడిగి తీయించి, నీళ్లు పోసి చూపించమని ఫోటో కూడా తీసుకున్నాడు.

"గిట్లనే పొయ్యాలెనా సార్?" అని అడిగింది సంగీత అప్పుడు.

"మీరు రోజు ఎట్ల చేస్తరో గట్లనే చెయ్యక్కా" అని తలూపాడు.

ఆ తలూపడాన్ని ఆమె తండా అంతా తన నోటితోనే పంచింది. సారు చూసిండు, బాగనే ఉందన్నడు, పొయ్యుండ్రి అని.

ఈ రోజు అతను రెండోసారి వచ్చాడు. పూజకు ఒళ్లు కాలిపోతోంది. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. తెలంగాణ సమ్మెతో బస్సులు బంద్. మట్టి పనికి పోయిన మొగుడు కృష్ణ హైదరాబాద్‌లోనే చిక్కుకుపోయాడు. సారును అడుగుదామని సంగీత పిల్లను చంకనేసుకొని, అతనికి తాగడానికి చెంబుతో నీళ్లు పట్టుకొని బయటికి వచ్చింది. గోడ పక్కన సాయికిరణ్ ఎవరో పెద్దసారుతో ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"సార్, నీళ్లు పోసుకుంటనే ఉన్నరు సార్. అండ్ల మందేడిది, ఉత్త నీళ్లే. లేద్సార్, చెప్పలే. చెప్తే బంజేస్తరు గద, మన స్టడీ అంత ఖరాబైతది. అవ్‌సార్, మస్తు మంచి డేటా."

సంగీత చేతిలో చెంబు ఒరిగి నీళ్లు కాళ్ల మీద పడ్డాయి. అతను తిరిగి చూశాడు.

"ఉత్త నీళ్లా సార్?"

"అక్కా, అది కాదు..."

"నా బిడ్డకు నేను పోసేది ఉత్త నీళ్లని నీకు ఎర్కేనా?"

"మేం మధ్యల చెప్పొద్దక్కా. రూల్ గట్లుంటది. చూసుడే మా పని."

"ఈ పిల్ల మీదికి పాము వస్తున్నా చూసుకుంట నిలవడ్తవా?"

అతను ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. సంగీత అత్త గంగి గడపలో నిలబడి, "ఏమంటుండే సారు?" అని లంబాడీలో అడిగింది. సంగీత వినిపించుకోలేదు. ఇన్ని రోజులూ బిడ్డ నోట్లో తాను పోసినదంతా తన గొంతులోకే ఎగదన్నినట్టయింది. ఉమ్మేసి, కొంగుతో మూతి తుడుచుకొని, నేరుగా పోయి అతని బండి మీద కూచుంది.

"తియ్యి బండి. గూడూరు దవాఖానకు."

"ఇంకా కొన్ని ఇండ్లున్నయక్కా..."

"తీస్తవా, తండనంత పిలువమంటవా?"

తీశాడు. పిల్ల ఊపిరి ఆమె మెడ మీద వేడిగా, పొట్టిపొట్టిగా తగులుతోంది. అది ఆగకుండా తగులుతుంటే చాలనుకుంది.

గూడూరు దగ్గర రోడ్డు మీదే సమ్మె వాళ్ల వంటా వార్పూ నడుస్తోంది. అడ్డంగా మొద్దులు, వాటి వెనక పొయ్యిలు. తెడ్డుతో అన్నం కలుపుతున్న పెద్దాయన కేకేశాడు.

"ఓ తమ్మీ! రోడ్డు బందున్నది కనవడ్తలేదా?"

"నేను మనోన్నేనన్నా. రీసర్చ్ పని మీద..." సాయికిరణ్ బ్యాగు మీది బిళ్ల చూపించాడు.

"రీసర్చా? గదేం కూరనే? మా పొయ్యి మీదైతే లేదు!"

అందరూ నవ్వారు. సంగీత పిల్ల మీది గుడ్డ తీసింది. పెద్దాయన నవ్వు ఆగిపోయింది. తెడ్డు పారేసి తానే మొద్దు పక్కకు లాగాడు. "జరుగుండ్రి, జరుగుండ్రి! పొల్లకు పాణం బాగలేదు! పో బిడ్డా, జల్ది పో."

దవాఖానలో డాక్టరు పిల్ల ఛాతీ మీద గొట్టం పెట్టి విని, నెమ్ము చేసిందన్నాడు. సూది వేశారు, ముక్కుకు గాలి పెట్టారు. నర్సు సరోజన అడిగింది.

"ఏం మందు పోసినవమ్మా ఇన్నొద్దులు?"

సంగీత వెనక్కి తిరిగింది. "నువ్వు చెప్పు సార్. నువ్వే గద చూసింది."

సాయికిరణ్ మందు పేరు చెప్పాడు. పలచబడిన సంగతి చెప్పాడు. గొంతు చిన్నదైంది.

"నీకెట్ల తెలుసు?" అంది సరోజన.

"మొన్న... చూసిన."

"చూసి?"

సరోజన అతన్ని కిందినుంచి పైదాకా ఒకసారి చూసి, సంగీత వైపు తిరిగింది. "ఇగో, పొడిల నీళ్లు ఒక్కసారే పోస్తరు. గీత దాకా, ఒక్కసారే. వారం దాటితే మిగిలింది పారబొయ్యాలె. ఒకరి సీసా ఇంకొకరికి ఇయ్యొద్దు. సమజైందా?"

ఇంతేనా? ఈ నాలుగు ముక్కలేనా అతను నోట్లో దాచుకున్నది?

పొద్దుగూకే వేళకు పూజ ఊపిరి కొంచెం నెమ్మదించింది. కళ్లు తెరిచి, అమ్మ ముక్కుపుల్ల పట్టుకోవాలని చెయ్యి చాపింది. అప్పుడు ఏడుపొచ్చింది సంగీతకు. వరండాలోకి వస్తే సాయికిరణ్ ఇంకా అక్కడే ఉన్నాడు.

"పాపకు నయమైతదంట గద. మంచిదైంది" అన్నాడు. ఆగి, చుట్టూ చూసి, "అక్కా, ఒక్క మాట. తండల మిగతోళ్లకు ఇప్పుడే చెప్పకు జర. ఇంకొక్కసారి వస్త, గంతే. అందరి పిల్లలు మంచిగనే ఉన్నరు గద" అన్నాడు.

మూతకు అంటుకున్న చీమలు ఆమె కళ్ల ముందు మెదిలాయి. ఆ పుల్లని వాసన ఇప్పుడు ఈ మనిషి నుంచి వస్తున్నట్టనిపించి ఒక అడుగు వెనక్కి వేసింది.

"నీ ఫోన్ ఇయ్యి సార్. ఇంటికి చెప్పాలె."

ఇచ్చాడు. కిరాణ కొట్టు టీక్యా మామ నంబరు ఆమెకు నోటికి వచ్చు. గంగిని పిలిపించింది. పిల్ల బతికిందని ముందు చెప్పింది. తర్వాత లంబాడీలో గడగడా మాట్లాడుతూనే పోయింది. ఏ ఇంట్లో ఏ కుండ కింద సీసా ఉందో పేరుపేరునా చెప్పింది. సారు బాగుందన్నడని నేను చెప్పింది తప్పు, తీసి పారబొయ్యుండ్రి, దగ్గున్న పిల్లలను పొద్దున్నే గూడూరు తేండ్రి అంది. అవతల గంగి అప్పుడే ఎవరినో కేకలేస్తోంది.

సాయికిరణ్‌కు సారు, గూడూరు అన్న మాటలు తప్ప ఒక్క ముక్క అర్థం కాలేదు. మొహం మాత్రం పాలిపోయింది.

"ఏం చెప్పినవక్కా?"

సంగీత ఫోన్ అతని చేతికి ఇవ్వకుండా వరండా పిట్టగోడ మీద పెట్టింది.

"చూసుడే గద నీ పని. పొద్దుగాల తండకొచ్చి చూసుకో" అని లోపలికి వెళ్లి, నల్లా కింద చేతులు రుద్ది కడుక్కొని, బిడ్డ పక్కన ఒరిగింది.