ఆవిరిల గండయ్య

కోడి కూయంగనే హనోకు పొయ్యి కాడ కూసుంటుండె. గానుగల పిండిన చెరుకు పిప్పిని ఎండబెట్టి పొయ్యిల ఎగేసుడు ఆయన పని. బెల్లం కడాయి పని జ్ఞానమ్మది. మరిగే రసం మీద తేలిన మడ్డిని పొడుగు గంటెతోని తీసుకుంట కథ చెప్పేది. ఆమె చెప్తుంటే కథ చెప్పినట్టే కడాయి మీది ఆవిరిల బొమ్మలై లేస్తుండె. బోధన్ చుట్టూత చెరుకు ఊర్లల్ల గీ సంగతి అందరికెరుకే. గాలి కొడితే "బొమ్మ చెదురుతుంది, తడక అడ్డం పెట్టుండ్రి" అనేటోళ్లు, గంతే.

రసం మరిగినంతసేపే ఆవిరి. పాకం ముదిరితే కథ యాడున్నదాడ ఆగేది. గండయ్య బాయిల దుంకంగ ఒకసారి ఆగింది. తెల్లారి ఇంకో కడాయి ఎక్కేదాక దారిపొంటి అందరు ఒగలనొగలు అడుగుడే, "మునిగిండా? తేలిండా?" అని.

గండయ్య దొంగ. మంచి దొంగ గూడ గాదు. ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పెట్టుడు ఆయనకు తెల్వది. కొట్టింది తానే తింటుండె. ఒక ముసలవ్వ కడియాలు గుంజుకున్నడు. నమ్మిన దోస్తును నడి ఏట్ల ఇడిసిపెట్టి వచ్చిండు. అయినా గోడ దుంకే ముందు మీసం మీద చెయ్యేసి, ఒక్కసారి ఇటు మలిగి నవ్విండంటే సాలు. చెరుకు కొట్టేటోళ్లు కత్తులు కింద పారేసి ఈలలేస్తుండె. హనోకుకైతే గండయ్యంటే పాణం.

"ఐతారం సర్చిల దొంగిలవద్దని సదువుతం. సోమారం గీడికొచ్చి దొంగకు సప్పట్లు కొడతం. సిగ్గున్నదా మనకు?" అంటది హనోకు పెండ్లాం యేసమ్మ, చెరుకు మోపు దించుకుంట.

"యేసయ్య ఎంబడి ముందుగాల పరలోకం పోయిందెవరే? పక్క సిలువ మీది దొంగనే గద."

"వాడు తన తప్పు ఒప్పుకున్నడు. నీ గండయ్య ఎన్నడన్న ఒప్పుకున్నడా?"

హనోకు పొయ్యిల పిప్పి ఎగేసి ఆవిరి దిక్కు తిరుగుతుండె. యేసమ్మ గూడ కొంగుతోని మొఖం తుడుసుకోని, మల్ల ఆవిరి దిక్కే తిరిగి కూసుండేది.

చెరుకు తోట రామకోటేశ్వరరావుది. కాలువ నీళ్లున్నయని కృష్ణ దిక్కు నుంచి వచ్చి భూములు కొన్న ఆసామి. గండయ్యంటే అందరికంటె ఎక్కువ పిచ్చి ఆయనకే. కడాయి ముందర కుర్చీ ఏసుకోని కూసుంటడు. ఒకసారి మనసు ఆగక, "జ్ఞానమ్మా, ఆ ముసలిదాని కడియాలు లాక్కున్న ముక్క తీసెయ్యవే. అంతటి మగాడికి అదేం బాగోలేదు" అన్నడు.

"తీసి సూసిన అయ్యా. తీస్తే ఆవిరే లేవది," అన్నది జ్ఞానమ్మ.

ఆ యేడు హనోకు తమ్ముడు దేవదాస్, ఆసామి రావు ఎద్దును దొంగతనం చేసిండు. గానుగ తిప్పే జతల ఒకటి. నవీపేట అంగట్ల అమ్మిండు. ఇంట్ల రోగం లేదు, నొప్పి లేదు. సైకిల్ మీద మనసువడ్డది, గంతే. కొత్త సైకిల్ మీద బెల్లు కొట్టుకుంట ఊర్లెకొస్తే దొరకక ఏం జేస్తడు? రావు మనిషి పోయి ఆరా తీసేసరికి ఎద్దు మహారాష్ట్రకు దాటింది.

జత పోయినంక గానుగ ఎట్ల తిరగాలె? రావు దేవదాస్ నడుముకు పగ్గం కట్టి, మిగిలిన ఎద్దు పక్కపొంటి కాడి కింద నిలబెట్టిండు. "ఎద్దుని అమ్ముకున్నవాడు ఎద్దు పని చెయ్యాలి. ఆఖరి కడాయి దిగేదాకా తిప్పుతావు. దిగగానే పోలీస్ స్టేషన్‌కి" అన్నడు.

హనోకు పోయి కాళ్లు పట్టుకున్నడు. "అయ్యా, వాడు ఎవలు గుంజితె అటు పోయేటోడు. జైల్ల అసలు దొంగలు గుంజుతరు. ఇగ మనిషై రాడు."

"దొంగ దొంగేరా. ఆ ఎద్దుని దూడప్పటి నుంచీ నా చేత్తో మేపాను," అన్నడు రావు. అబద్ధం గూడ గాదది. అని, కుర్చీ కడాయి దిక్కు మలుపుకోని, "ఏమే జ్ఞానమ్మా, గండయ్య వచ్చాడా?" అని అడిగిండు.

తోటల చెరుకు ఒడిసింది. ఆఖరి రసం కడాయిలకెక్కింది. గానుగ ఆగింది. దేవదాస్ కాడి కిందనే ఎద్దు మెడకు ఆనుకోని ఆవిరి దిక్కు సూస్తుండు. పొద్దు వాలుతుంది.

ఆ పూట ఆవిరిల గండయ్య దొరికిపోయిండు. ఒక ఆసామి కొట్టంల ఎద్దును ఇప్పుతుండంగ పట్టి గుంజకు కట్టేసిండ్రు. ఆ ఆసామి ఇటు వీపు పెట్టి నిలబడ్డడు. గండయ్య తల కిందికేసిండు.

"నవ్వుతలేడు సూడుండ్రి," అన్నది యేసమ్మ సన్నంగ.

అప్పుడే పాకం మీద బుడగలు పెద్దగైనయ్. ఆవిరి పల్చబడ్డది. గిప్పుడు ఆగితే మల్ల చెరుకు పండేదాక గండయ్య గట్ల కట్టేసే ఉంటడు. గిప్పుడు ఆగితే దేవదాస్ ఠాణాకు పోతడు. హనోకుకు రెండూ ఒకటే అయినయ్. నీళ్ల బిందె అందుకున్నడు. బెల్లం వండేటోడు సచ్చినా చెయ్యని పని చేసిండు. ముదిరే పాకంల నీళ్లు గుమ్మరిచ్చిండు.

భుస్సుమని ఆవిరి లేసింది. కడాయంత బెల్లం ఖరాబైనట్టే. రావు కుర్చీల నుంచి లేసిండు. దెబ్బ పడ్తదని హనోకు కండ్లు మూసుకున్నడు.

"చాలదురా! ఇంకో బిందె పొయ్యి!" అన్నడు రావు, ఆవిరి మీదికెల్లి సూపు తియ్యకుంట.

రెండో బిందెకు ఆవిరిల ఆసామి ఇటు మలిగిండు. అదే బట్టతల, అదే కండ్లద్దాలు. రావే.

"మీరే గదయ్యా," అన్నది యేసమ్మ.

"నేనే," అన్నడు రావు. "విప్పెయ్యరా వాణ్ణి! విప్పు!" అని ఆవిరిల ఉన్న తనను తానే గదిమిండు. ఆవిరిల రావు ఉలుకలే.

"గట్ల జెప్తే ఇనడయ్యా. మీ చేతులు ఎట్లాడితె ఆయన చేతులు గట్లాడతయ్," అన్నది జ్ఞానమ్మ.

రావు గాల్ల ముడి ఇప్పినట్టు వేళ్లాడిచ్చిండు. ఆవిరిల గూడ వేళ్లు గాల్లనే ఆడినయ్. ముడి ఊడలే.

"ఉత్త గాలికి ముడి ఊడ్తదా? పగ్గం పట్టాలె," అన్నది ఆమెనే.

అందరి సూపు కాడి దిక్కు మలిగింది. జ్ఞానమ్మ మాత్రం మడ్డి లేకున్నా గంటె తిప్పుతనే ఉన్నది. గింత పెద్ద మాట గింత నిమ్మలంగ అనుడు ఆమెకొక్కదానికే వచ్చు అనుకున్నడు హనోకు.

రావు కాడి దగ్గరికి పోయి నిలబడ్డడు. "వీడు నా ఎద్దుని అమ్ముకున్నాడే."

"గండయ్య గూడ అమ్ముకుందామనే ఇప్పిండయ్యా."

"అది వేరు."

"ఏరే," అన్నది జ్ఞానమ్మ, కొట్లాడకుంట. "ఆవిరి ఆరిపోతుంది."

రావు మోకాళ్ల మీద కూసున్నడు. రోజూ చెమటకు తడిసి తడిసి బిగుసుకున్న ముడి. గోరు ఇరిగింది. పగ్గం కింద దేవదాస్ నడుము పుండై ఉన్నది.

"ఇంత గట్టిగా ఎవడు కట్టాడ్రా?"

"మీరే అయ్యా," అన్నడు దేవదాస్.

రావు వంగి పగ్గానికి నోరు పెట్టిండు. చెమట కండ్లల్లకు కారంగ పండ్లతోని గుంజి, ముడి ఇప్పిండు.

ఆవిరిల గండయ్య చేతులు దులుపుకున్నడు. మీసం మీద చెయ్యేసి నవ్విండు. నవ్వుకుంటనే పోయి, ఆసామి ముంగటనే ఎద్దును గూడ తోలుకపోయిండు.

"దొంగ వెధవ! నా ఎదుటే!" అని రావు తొడగొట్టి నవ్విండు. కడాయి సుట్టూత ఒకటే ఈలలు. ఆవిరి ఆరిపోయింది.

అప్పుడు గాని రావు తన చేతిల పగ్గాన్ని సూసుకోలే. దేవదాస్ ఎద్దు పక్కపొంటి నిలబడే ఉన్నడు.

"పారిపోలేదేంరా?"

"గండన్న ఏమైతడో సూసుకుంట మరిసిపోయిన అయ్యా."

రావు పగ్గాన్ని కింద పారేసిండు. "ఎద్దుకి దాహంగా ఉంది. కాలువకి తోలుకెళ్లి నీళ్లు పట్టు," అన్నడు.

హనోకు పొయ్యి కాడ లేసి నిలబడ్డడు. దొంగ చేతికి రెండో ఎద్దు! దేవదాస్ పోయిండు. గట్టు దాటినంక మనిషి కానరాలే, ఎద్దు కానరాలే. ఇగ ఆవిరి లేదు, చెప్పే కథ లేదు. అయినా ఎవలు ఇంటికి పోలే. అందరు కాలువ దిక్కే సూస్తుండ్రు. కుర్చీ ఉన్నా రావు కూసోలే.

పొద్దు గూకంగ గట్టు మీద దేవదాస్ తల లేసింది. చేతులూపుకుంట ముందు ఆయన నడుస్తుండు. మెడకు పలుపు గూడ లేకుంట ఎద్దు ఆయన ఎనుకనే వస్తుంది.

"తాగిందా?" అని అడిగిండు రావు.

"కడుపు నిండ తాగిందయ్యా."

"అయితే నువ్వూ కూర్చో."

జ్ఞానమ్మ గట్టిపడని పాకాన్ని లోటల ముంచి ముందుగాల దేవదాస్‌కిచ్చింది, తర్వాత రావుకు.