ఎండ వృథా పోతుందని

వేప్పనపల్లికి కాస్త దూరంలో, మామిడి తోపుల నడుమ వెంకటేశప్ప చేను ఉంది. పొద్దున ఏడున్నరకల్లా ఎండ సోలార్ పలకల మీద పడుతుంది. ఇంకాసేపటికి ఎవరూ ముట్టుకోకుండానే బావిలో మోటారు తనంతట తాను తిరగడం మొదలుపెడుతుంది. చప్పుడు లేదు, పొగ లేదు. పైపులోంచి నీళ్ళు దూకి కాలువలో పడతాయి. ఆ కాలువ గట్టున కూర్చుని గిన్నెలు తోముకునే రేణును చూస్తే, ఈ ఇంటికి నీళ్ళ కొరత ఎప్పటికీ రాదని దారిన పోయేవాళ్ళు అనుకుంటారు. చదువుతున్న మీరైనా అలాగే అనుకుంటారు.

రేణు వెంకటేశప్ప కూతురు. ప్లస్ వన్, అంటే పదకొండో తరగతి చదువుతోంది. నలుగురిలో నోరు తెరవని పిల్ల. జవాబు తెలిసినా క్లాసులో చెయ్యి ఎత్తదు. కానీ ఈ సోలార్ పంపు ఇంటికి వచ్చింది ఆమె వల్లే. సబ్సిడీ సంగతి బడిలో విని, ఫోనులో అర్జీ నింపి, పట్టా కాగితాలన్నీ ఎక్కించింది ఆమే. అంతకు ముందు బావి మీద ఆయిల్ ఇంజను ఉండేది. హ్యాండిల్ తిప్పితే ఊరంతా వినిపించేటట్టు మోగేది, నల్లటి పొగ వదిలేది. డీజిల్ ఖర్చుకు భయపడి వెంకటేశప్ప రెండు గంటలకు మించి నడిపేవాడు కాదు.

పలకలు బిగించిన రోజు ఆయన మీసం దువ్వుకుని, "ఇంకేమి పాపా, సూర్యుడే మన చేన్లో కూలికి కుదిరినాడు" అన్నాడు. అందరూ నవ్వారు. అర ఎకరా టమాటా ఎకరన్నర అయింది.

మూడు నెలలు గడిచాయి. ఒకరోజు మడులన్నీ నిండి, నీళ్ళు గెనిమ గట్టు దాటి బండిబాటలోకి పారుతున్నాయి.

"నాయనా, నీళ్ళు దోవలోకి పోతాండాయి. మోటారు ఆపేదా?" అంది రేణు.

"ఏంటికి ఆపేది? ఇంత ఎండ కాస్తాండాది. ఆపితే అదంతా వృథా పోదా?"

"మడి నిండింది గదా నాయనా."

"పోనీలే. భూమిలోకే గదా పోయేది, యాడికి పోతాది?"

వెంకటేశప్ప చెడ్డవాడు కాదు. త్రీఫేజు కరెంటు రోజుకు కొన్ని గంటలే ఉండే, అది రాగానే అన్నం వదిలేసి మోటారు దగ్గరికి పరుగెత్తే ఊళ్ళో పుట్టి పెరిగినవాడు. చేతికందిన శక్తిని వాడుకోకుండా వదిలేయడం ఆయనకు వడ్డించిన సంగటి వదిలి లేచినట్టే ఉంటుంది. అందుకే మోటారు స్విచ్చి ఏనాడూ కట్టేసేవాడు కాదు. రేణుకు ఆ మాట సరిగా లేదనిపించింది. కానీ తప్పు ఎక్కడుందో తెలియలేదు. పొగ రావడం లేదు, ఏదీ కాలడం లేదు. పంపు పెట్టె మీద పచ్చటి ఆకు బొమ్మ కూడా ఉంది.

చైత్రం ఎండలు ముదిరాక, కింది చేను మారియమ్మ వచ్చింది. ఆమెకు రెండు ఆవులు, నాలుగు సాళ్ళ కనకాంబరాలు ఉన్నాయి. భర్త పోయాక ఆమె బతుకు ఆ పాల మీద, ఆ పూల మీదే నడుస్తోంది.

"ఏమ్మా రేణూ, మీ సూర్యుడికి ఆదివారమైనా సెలవు లేదా?"

రేణు తల దించుకుంది. లోపలినుంచి తల్లి నంజమ్మ వచ్చి, "రా మారియమ్మా, కూర్చో. ఏమైంది?" అంది.

"ఏమయ్యేది ఉండాది? మా బాయిలో బొక్కెన నేలకు కొట్టుకుంటాంది. మట్టి నీళ్ళు. ఆవులకే చాలడం లేదు. ఈ వారం చూసి రెండిట్నీ సంతకు తోలేస్తా."

"ఎండాకాలం గదా, అందరి బాయిలూ అంతే."

"పోయిన ఎండాకాలమూ ఎండాకాలమే గదమ్మా. అప్పుడు మీ ఇంజను నా చెవులు చిల్లులు పొడిచింది గానీ, నా బాయిని తాగలేదు."

ఆ మాట రేణు మనసులో ముల్లులా దిగింది. మంచిదని తెచ్చిన వస్తువు చెడు చేస్తుందా? అయితే పొగ తాగించే ఇంజనే మేలా? దాన్నే మళ్ళీ తెచ్చి పెట్టుకోవాలా? ఎవరిని అడగాలి? అడిగితే, తెచ్చింది నువ్వే కదా అంటారేమో. బడికి పోయేటప్పుడు మారియమ్మ ఇంటిముందు నుంచి పోవడం మాని, చుట్టు దారిన పోసాగింది.

ఆ వారంలోనే మిట్టమధ్యాహ్నం, నడినెత్తిన ఎండ ఉండగా మోటారు ఆగిపోయింది. మరుసటి రోజూ అంతే. వెంకటేశప్ప పెట్టెను రెండు దెబ్బలు కొట్టి, "కంపెనీవాళ్ళు మోసం చేసినారు" అని తిట్టిపోశాడు. ఏళుమలైకి ఫోను చేయించాడు.

ఏళుమలై ముప్పై ఏళ్ళుగా ఆ చుట్టుపక్కల మోటార్లు బాగుచేస్తున్న మనిషి. తల నెరిసింది. ఆయన చెప్పాడంటే ఊళ్ళో ఎదురు మాట ఉండదు. ఆయన బండి చూసి మారియమ్మ కూడా గట్టు ఎక్కి వచ్చింది.

ఆయన పెట్టె తెరిచి చూసి మూసేశాడు. తాడుకు రాయి కట్టి బావిలోకి వదిలాడు. పైకి లాగితే తాడు మూరెడు కూడా తడవలేదు.

"మిషనుకు ఏమీ కాలేదప్పా వెంకటేశప్పా. అది బుద్ధిగలది. నీళ్ళు లేవని నోరు మూసుకునింది."

వెంకటేశప్ప ముఖం మాడిపోయింది. "అట్లయితే బోరు వేపిస్తా. వెయ్యి అడుగులు పోనీ. రేపే లారీకి చెప్తా."

మారియమ్మ వెనక్కి తిరిగి గట్టు దిగబోయింది. వెయ్యి అడుగుల బోరు పక్కన తన బావి ఇక నిండదని ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు.

"వద్దు నాయనా."

అందరూ రేణు వైపు చూశారు.

"అర్జీ నింపింది నేను. పొగ రాదని సంతోషపడినాను. బాయిలో ఎన్ని నీళ్ళుండాయి, పక్కన ఎవరుండారు అని అందులో యాడా అడగలేదు. నేనూ అడగలేదు. ఇంజను ఉన్నప్పుడు పొగ వచ్చినా సాయంత్రానికి బాయి ఊరేది. ఇప్పుడు పొగ లేదు, నీళ్ళూ లేవు. ఏది మంచో నాకే తెలియడం లేదు నాయనా."

ఏళుమలై తాడు చుట్టి పక్కన పెట్టాడు.

"పలకల తప్పేమీ లేదమ్మా. ఇంజనుకు డీజిల్ అయిపోయేది, కరెంటుకు టైము అయిపోయేది. ఆ రెండూ ఇన్నాళ్ళు మన చెయ్యి పట్టి ఆపినాయి. ఈ ఎండ ఆపదు. ఇంక మనమే ఆపాల."

"ఆపితే ఎండ వృథా పోదా అన్నా?" వెంకటేశప్ప ఇంకా వదల్లేదు.

"నీ ఇంటి కప్పు మీద పడే ఎండకు ఒక్కనాడైనా ఏడ్చినావా?" అన్నాడు ఏళుమలై. మారియమ్మకు ఆ బాధలోనూ నవ్వొచ్చింది.

బోరు లారీకి ఫోను పోలేదు. పొద్దున రెండు గంటలు మోటారు తిప్పి ఆపడం మొదలైంది. మొదటి రోజుల్లో వెంకటేశప్ప ఊరికే ఉన్న పలకల చుట్టూ ఏదో పోగొట్టుకున్నవాడిలా తిరిగేవాడు. కొత్తగా వేసిన ఎకరా టమాటాలో సగం ఎండిపోయింది. మారియమ్మ అప్పటికే ఒక ఆవును తోలేసింది. ఆమె బావిలో మెల్లగా, చాలా మెల్లగా నీళ్ళు ఊరాయి. రెండో ఆవు కొట్టంలో నిలిచింది.

ఒకరోజు పక్క ఊరి మురళి బండి ఆపి అరిచాడు. "ఏమప్పా, ఇంత ఎండలో మోటారు నిలిపేసినావు! చెడిపోయిందా?"

"లేదు మురళీ, బాగుండాది" అని వెంకటేశప్ప తడబడ్డాడు. ఎట్లా చెప్పాలో తెలియక కూతురి వైపు చూశాడు. బయటివాళ్ళ ముందు ఎప్పుడూ మాట్లాడని రేణు ఈసారి తల ఎత్తింది.

"ఎండ మా పలకల మీద పడినా, అది తోడే నీళ్ళు మా ఒక్కరివే కాదన్నా. ఎంత మంచి మిషను తెచ్చుకున్నా, ఇంక చాలని మనకు మనమే ఆపుకుంటేనే అది భూమికి మేలు చేస్తాది."