దుమ్ము ఏడాది పిల్ల

అగాతా ఎవరబ్బా, ఎవరో పాపం చెవిటిది కాబోలు, అంతసేపు పిలిపించుకుంటోంది అనుకుంటూ కూర్చున్న మాలినేయోను మనవరాలు రెతాబిలె మోచేత్తో పొడిచి నిన్నే అవ్వా అంది, నిజమే, చర్చి కాగితంలో తన పేరు అగాతా, ఆ కాగితంలో తప్ప ఆ పేరు ఇంకెక్కడా బతికింది లేదు, దుప్పటి భుజం మీదికి లాక్కుని లేచింది, గ్రామపెద్ద మామోసమ్మ వాకిట్లో బల్ల వేసుకుని ముసలివాళ్ల పింఛను రాస్తున్న పట్నం గుమస్తా పిల్ల కాగితం తిప్పి చూసి, అమ్మమ్మా, నీకు అరవై ఆరే, డెబ్బై నిండాలి, ఇంకో నాలుగేళ్లకి రా అంది, నాలుగేళ్లట, రేపు రా అన్నంత తేలిగ్గా అనేసింది, ఈ నడుము నాలుగేళ్లు వంగుతుందా, రేపు మొతెబాంగ్ చేలో కలుపు, ఎల్లుండీ అక్కడే, సాయంత్రానికి ఒక డబ్బా మొక్కజొన్న పిండి, అదీ అంచుకు వేలెడు వెలితిగా పోస్తాడు మహానుభావుడు, గని నుంచి దగ్గు మోసుకొచ్చి కొడుకు పోయిన నాటి నుంచి ఆ డబ్బాతోనే ఇద్దరి కడుపులూ నిండాలి, పోనీ తనకు చేను లేదా అంటే ఉంది, వాగు పక్కన నల్లనేల, దున్నడానికి ఎద్దులే లేవు, ఎద్దులున్న ఆ మొతెబాంగే దున్ని, పండిన దాంట్లో సగం పట్టుకుపోతాడు, ఇప్పుడు కూడా పెద్దల వరసలో కూర్చుని పొగాకు నలుపుకుంటూ తనవైపే చూస్తున్నాడు, రేపు పనికొస్తుందిలే అన్న ధీమాతో.

కాగితం అబద్ధం చెప్పలేదు, సగమే చెప్పింది, అందులో ఉన్నది బాప్తిస్మం నీళ్లు చల్లిన ఏడాది, పుట్టిన ఏడాది కాదు, అమ్మ చర్చిలో చేరేనాటికే తనకు ఐదేళ్లు, ఫాదిరీ చల్లిన నీళ్లు ముక్కులోకి పోయి తుమ్మింది కూడా, తుమ్మింది గుర్తుందమ్మా అంటే ఈ పిల్ల రాసుకుంటుందా, సాక్ష్యం ఏదైనా ఉందా అమ్మమ్మా అంటోంది, ఉంది, గొంతులోనే ఉంది, యాభై ఏళ్లుగా బయటికి రానివ్వని పేరు, కోడలిగా వచ్చిన రోజున అత్తవారు మాలినేయో అని కొత్త పేరు పెడితే, ఎప్పటికైనా లినేయో అనే బిడ్డకు తల్లివి అవుతావని దీవిస్తే, పాతపేరు వదిలిందని గోడ చాటుకు వెళ్లి నవ్వుకుంది, చిన్నప్పుడు ఆ పేరుతో ఎంత ఏడిపించారు, అందరికన్నా ఎక్కువ ఏడిపించింది ఆ మాపులేంగ్, అదిగో, పింఛను పుస్తకం అప్పుడే చేతికొచ్చి విసనకర్రలా ఊపుకుంటోంది, ఒకే ఊరిపిల్లలు, ఒకే ఊరి కోడళ్లు, కోడిపెట్ట దగ్గర మాటామాటా వచ్చి రెండేళ్లుగా మాటల్లేవు, దాని ముందా ఆ పేరు చెప్పడం, రెతాబిలె బూటు చీలికలోంచి బొటనవేలు కనిపిస్తోంది, సరే, పోతే పోయింది సిగ్గు.

పుట్టింట్లో నాకు పెట్టిన పేరు లెరోలె అమ్మా అంది, అంటే దుమ్ము, ఎవరో కిసుక్కుమన్నారు, గుమస్తా కలం ఆగింది, పెద్దల వరసలో ముసలివాళ్ల తలలు లేచాయి, మామోసమ్మ ముందుకు వంగి మళ్లీ చెప్పవే అంది, లెరోలె, ఎర్రదుమ్ము ఏడాది, వానలు ఎగ్గొట్టి పశువులు చచ్చిన ఏడాది, పట్టపగలు దీపం పెట్టుకున్న ఏడాది, ఆ దుమ్ములో మా అమ్మ నన్ను కన్నది, అనేసరికి వెనకనుంచి మాపులేంగ్ గొంతు, అది దుమ్మే అమ్మగారూ, నాకు తెలీదా, ఇది వీధిలోకి వస్తే చాలు, దుమ్ము వస్తోంది తలుపులెయ్యండి అని అరిచేదాన్ని, ఏడ్చి ఇంటికి పోయేది, ఏమే, పోయేదానివా కాదా, పోయేదాన్నే, నువ్వు రాయి కూడా విసిరావు, ఆ, విసిరాను, అదీ రాసుకోమను, అప్పుడు వాకిలి మొత్తం నవ్వింది, తనూ నవ్వింది, మామోసమ్మ గుమస్తా వైపు తిరిగి, ఇదిగో అమ్మాయీ, ఆ దుమ్ము మా కొండల మీదికి ఒక్కసారే లేచింది, అది ఏ ఏడో ఊరందరికీ తెలుసు, ఇంకే ఏడూ ఎవరూ బిడ్డకు ఆ పేరు పెట్టలేదు, డెబ్బై ఒకటి అని రాయి, ముద్ర నాది అంది.

ముద్ర ధప్పుమని పడింది, గుండెలో కూడా అలాగే పడింది, వచ్చే నెల నుంచి ప్రతి నెలా, ఎవరి గుమ్మం ముందూ నిలబడకుండా, ముందు బూట్లు, తర్వాత నూనె, మొతెబాంగ్ గొంతు సవరించుకుని రేపు పెందలాడే వచ్చెయ్ మాలినేయో అన్నాడు, అలవాటుగా తల ఊపబోయి ఆగింది, రేపు రాలేనయ్యా, పైగా ఈ ఏడు నా చేను సగానికి ఇవ్వను, నీ ఎద్దులకు రోజుకెంతో చెప్పు, కూలి నేనిస్తాను అంది, అతని వేళ్ల మధ్య పొగాకు అలాగే ఉండిపోయింది, రెతాబిలె చెయ్యి పట్టుకుని వాకిలి దాటుతుంటే వెనక మాపులేంగ్, దుమ్మూ, ఆగవే నేనూ వస్తున్నా అని కేకేసింది, ఆ పిలుపుకు ఈసారి ఒళ్లు మండలేదు, ఎందుకు పెట్టావమ్మా ఈ పేరు అని చిన్నప్పుడు ఎన్నిసార్లు కొట్లాడిందో, అమ్మ ఏమీ చెప్పేది కాదు, తల నిమిరి ఊరుకునేది, నేనంటే అసహ్యమేమో అనుకుని డెబ్బై ఏళ్లు మోసింది, కాదు, అమ్మకు అక్షరమ్ముక్క రాదు, ఇంట్లో కాగితం లేదు, కూతురు పుట్టిన ఏడాదిని ఎక్కడ రాస్తే పోకుండా ఉంటుందో అక్కడే రాసింది.